పెట్టుబడి లేని సేద్యంలో ఆడోళ్ల కూలి లెక్క ఏది?

పై వీడియోలో ఎకరాకు ద్రవజీవామృతం తయారీ చూశారు కదా. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. కొలతలు కరెక్టే. కానీ ఒక పద్దు రాయలేదు. తెల్లారకముందే ఆ మూత్రం పట్టిందెవరు? 48 గంటలు పూటపూటా కర్రతో కలిపిందెవరు?

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కేసీ కాలువ కింద పదెకరాలున్న ఇండ్లు చూడండి. మిద్దె ఉంది, ట్రాక్టర్ ఉంది. 'మా ఇంట్లో ఆడోళ్లు చేన్లోకి పోరు' అని గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, పోరు. కానీ ప్రకృతి సేద్యంలోకి వచ్చినాక సగం సేద్యం పెరట్లోకి వచ్చేసింది. ఒకప్పుడు యూరియా బస్తా అంగట్లో కొనేవాళ్లం. ఇప్పుడు ఆ పని మన దొడ్లోనే జరగాలి.

పొద్దున నాలుగున్నరకు లేచి పేడ తీసి, పాలు పిండి, పిల్లలకు క్యారియర్లు కట్టి, కూలోళ్లకు ఉగ్గాని చేసి, మధ్యాహ్నం విత్తనాలకు బీజామృతం పట్టించి, సాయంత్రం ఆర్డర్లకు కొర్రబియ్యం ప్యాకెట్లు కట్టేది ఆమే. డబ్బులు మాత్రం మన ఫోన్‌పేలో పడతాయి.

'సొంతింటి పనికి కూలేంది?' అంటారు. కేంద్రం మద్దతు ధరకు చూసే 'ఏ2 ప్లస్ ఎఫ్ఎల్' ఖర్చులో కుటుంబ శ్రమ విలువ కూడా ఉంటుంది. ప్రభుత్వమే కట్టే లెక్కను మనం వదిలేస్తే నష్టం మనకే. ఆ శ్రమను పక్కనపెట్టి ధర చెప్తే అసలు ఖర్చుకన్నా తక్కువకే అమ్ముకుంటున్నామేమో మనకే తెలియదు. ఇంకో సంగతి. రేపు కోడలు 'ఈ ఆవులు నా వల్ల కాదు' అంటే బద్ధకం అనొద్దు. విలువలేని చాకిరీ ఎవరు చేస్తారు? ఆవు పోతే మన సేద్యమూ పోతుంది.

నేను చెప్పేది మూడే. ఆమె పనిగంటలు డైరీలో రాసి, మీ ఊరి కూలి రేటు కట్టండి. ఆ మొత్తం ధరలో కలిపి, ఆమె ఖాతాకే వేయండి. దొడ్డికి వాలుగా గచ్చు చేయించి మూత్రం నేరుగా తొట్లో పడేట్టు పెట్టండి. డ్రమ్ము కలిపే పని మగోళ్లు తీసుకోండి.

రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి సేద్యం కార్యక్రమం ఊళ్లలో నిలబడింది మహిళా సంఘాల బలంతోనే. మీటింగులో చప్పట్లు చాలు, ఇంట్లో లెక్క రాయండి. మీ నెల లెక్క ఎంత తేలిందో కింద కామెంట్లో పెట్టండి.