గాజుపెట్టెలో కొండచిలువ

హోసూరు నుంచి ఒక సోదరి మాకు పెద్ద వుత్తరం వ్రాశారు. యీ చలికాలం కెనడాలో కూతురి యింటికి వెళుతున్నారట. అక్కడ పధ్నాలుగేళ్ళ మనమడు గాజుపెట్టెలో ఒక కొండచిలువను పెంచుతున్నాడు. క్రిస్మసు సెలవుల్లో వాళ్ళంతా మూడు రోజులు వూరికి పోతే పాము బాధ్యత అమ్మమ్మది. "పాముకు నేను భయపడను, యేటేటా పుట్టలో పాలు పోసిన చేతులివి. కాని పెట్టె మీద రాత్రింబగళ్ళు వెలిగే దీపాన్ని వాడు ఫోనులో చూపించినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. నా భయం వట్టిదేనా?" అని అడిగారు.

వట్టిది కాదమ్మా. భయపడవలసినదానికే భయపడ్డారు.

మా యింట్లో ఒకప్పుడు కోడిపిల్లల వెచ్చదనానికి బుట్టలో ఊక పరచి, పైన బల్బు వేలాడదీశాము. కొక్కెం కొనడానికి బద్ధకించి పురికొసతో కట్టాము. ఒక రాత్రి ముడి జారి బల్బు ఊకలో పడింది. కమురు వాసనకు మెలకువ వచ్చింది గనుక కోడిపిల్లలూ దక్కాయి, యిల్లూ దక్కింది. అప్పటినుంచీ రాత్రిళ్ళు వెలిగే యే దీపాన్నీ మేము నమ్మలేదు.

ఇక మీ మనమడి పాము సంగతి. అది మన అడవుల కొండచిలువ కాదు. ఘానా, టోగో, బెనిన్ మొదలైన పడమటి ఆఫ్రికా దేశాలది. బెదిరితే తల లోపల దాచుకొని బంతిలాగా చుట్టుకుంటుంది కనుక బాల్ పైథాన్ అన్నారు. విషం లేదు. సాధారణంగా మూడు నుంచి అయిదడుగులు పెరుగుతుంది. పగలంతా ఎలుకబొరియల్లోనూ చెదపుట్టల్లోనూ పడుకొని రాత్రి బయలుదేరుతుంది. బెనిన్ దేశపు విదా పట్టణంలో యీ పాములకు ఒక గుడే వున్నది. నాగులచవితి చేసే మీకు యీ మాట సంతోషం కలిగిస్తుందని వ్రాస్తున్నాము.

పాము ఒంట్లో మనకున్నట్లు పొయ్యి లేదు. బయటి వేడే దాని ఒంటి వేడి. మింగిన ఎలుక అరగాలన్నా ఆ వేడే కావాలి, చలిపడితే కక్కేస్తుంది. కెనడాలో యిల్లు 20 డిగ్రీలు వుంటే మనుషులు శాలువా కప్పుకొని గడుపుకుంటారు, దానికి అది చాలదు. పెట్టెలో ఒక చివర 31 నుంచి 33 డిగ్రీలు, రెండో చివర 25 నుంచి 27 వుండాలి. రెండు చివరలా దాక్కునే గూడు వుండాలి. ఏది కావాలో పామే చూసుకుంటుంది. పెట్టె అంతా ఒకే సెగ అయితే పాపం ఎక్కడికి పోతుంది?

"కాలితే అదే తప్పుకుంటుంది కదా" అని చాలామంది అనుకుంటారు. చిత్రమేమిటంటే, పెదవి మీది చిన్న గుంటలతో చీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగట్టగల యీ పాము, తన పొట్ట కింద కాలుతూ వున్నా కదలకుండా పడుకోగలదు. పొలుసులు ఎర్రబడి బొబ్బలెక్కేదాకా ఎవరికీ తెలియదు. అందుకే పెట్టె లోపల కరెంటుతో కాగే రాళ్ళను తెలిసినవాళ్ళు వాడడం లేదు. పెట్టె అడుగున పరిచే హీట్ మ్యాట్ అయినా, పైన వుండే దీపమైనా, థర్మోస్టాట్ లేకుండా పెట్టకూడదు. దీనిమీద మాకు రెండో అభిప్రాయం లేదు. పాము ఖరీదు పెట్టగలిగినవాడు దాని ఖరీదూ పెట్టాలి.

థర్మోస్టాట్ వున్నా గుడ్డిగా నమ్మరాదు. వేడిని కనిపెట్టే తీగ కొస ఒకటి దానికి వుంటుంది. పాము దాన్ని లాగి చల్లటి మూలకు నెట్టిందనుకోండి, లేక నీళ్ళగిన్నె దానిమీద ఒలికిందనుకోండి, ఆ కొస "యింకా చలిగానే వుంది" అని చెబుతుంది. మ్యాట్ మాత్రం కాగుతూనే వుంటుంది. కాబట్టి తీగ కొసను గట్టిగా అంటించి, పక్కనే వేరే థర్మామీటరు పెట్టమని అబ్బాయికి చెప్పండి. మ్యాట్ మీద మట్టి, పొట్టు మందంగా పోస్తే వేడి కిందనే నిలిచిపోతుంది. అదీ ప్రమాదమే.

దీపం మాట. రాత్రి వెలుగు ఆ పాముకు అక్కరలేదు. ఎర్రదీపం పాముకు కనపడదని అంగళ్ళలో చెబుతారు గాని అది నిజం కాదు, రేయింబగళ్ళ తేడా దానికి చెడుతుంది. పగలు పన్నెండు గంటలు దీపం వుంటే చాలు. రాత్రి వేడి కావాలంటే వెలుగివ్వని పింగాణీ హీటరు వున్నది. ఇది మరిగే నీళ్ళకంటే ఎక్కువ కాగుతుంది, ప్లాస్టిక్ హోల్డరులో పెడితే హోల్డరు కరుగుతుంది. పింగాణీ హోల్డరే కావాలి. పెట్టె లోపల వుంటే చుట్టూ ఇనుపవల తప్పదు, లేకపోతే పాము దాన్నే చుట్టుకుంటుంది. పైన వుంటే క్లిప్పు ఒకటే నమ్ముకోకుండా గొలుసుతో కట్టాలి. తెరలూ, పిల్లీ దూరంగా వుండాలి.

ఆ మూడు రోజులూ మీరు చేయవలసింది కొంచెమే. ఉదయం, సాయంత్రం థర్మామీటరు చూడండి, మూత గొళ్ళెం చూడండి, తీగ కొస కదలలేదు కదా అని చూడండి. మూడు రోజులు తిండి లేకపోతే దానికేమీ కాదు, ఎలుకను మీరు పట్టుకోనక్కరలేదు. ప్లగ్గు ముట్టుకుంటే చురుక్కుమన్నా, కమురు వాసన వచ్చినా, ముందు స్విచ్చి ఆపి తరవాత ఫోను చేయండి. కరెంటు పోతే పెట్టెకు గాలి ఆడేలా దుప్పటి కప్పండి. కొన్ని గంటల చలికి పెద్ద పాము తట్టుకుంటుంది, అతివేడికి తట్టుకోదు.

యిది చదివి మన పిల్లలు కూడా పాము కావాలని మారాం చేస్తారేమో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు కొండచిలువనూ, నాగుపామునూ యింట్లో పెట్టుకోవడం నేరం. బాల్ పైథాను వంటి విదేశీ జీవాలను కూడా 2024 నాటి నియమాల ప్రకారం నమోదు చేయించాలి.

మరొక మాట అడిగారు, మరిచిపోబోయాము. పాలు పోయవద్దమ్మా, అది తాగేది నీళ్ళే. గిన్నెలో రోజూ మంచినీళ్ళు మార్చండి, చల్లటి చివర పెట్టండి. దీపం సెగకు గాలి పొడిబారితే కుబుసం ముక్కలు ముక్కలుగా వూడుతుంది. మీరు వున్నప్పుడు అది ఒకే పొరగా విడిస్తే, ఎంత పొడుగు వున్నదో మాకు వ్రాయండి.