కోతికి వేసిన బిస్కెట్ సద్‌ఖా కాదు

ఈద్ మర్నాడు రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వైపు పోయే కార్లు చూడండి, చాలావాటిలో మనవాళ్లే. డిక్కీలో బిర్యానీ దేగ్చీ, వెనక సీట్లో బచ్చాలు, వాళ్ల చేతుల్లో బిస్కెట్ ప్యాకెట్లు. ఘాట్ మలుపులో బండి ఆగగానే కోతుల గుంపు దిగుతుంది. "వేయి బేటా, సవాబ్ వస్తుంది" అంటుంది నానీ.

రాదు నానీ. మాఫ్ చేయండి, ఈ మాట ఎవరో ఒకరు అనాలి.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. నాలుగేళ్ల కిందట మా వాడి చేతిలో ప్యాకెట్ పెట్టింది నేనే. రెండో బిస్కెట్ దాకా ఆగని కోతి వాడి మోచెయ్యి గీరేసింది. రేబిస్ సూదుల కోసం నాలుగు విడతలు ఆస్పత్రికి తిప్పాను. నా నియ్యత్ పాక్‌గానే ఉంది. సూది మాత్రం వాడికి పడింది.

చలికాలం వస్తే వాట్సాప్‌లో ఒక కిస్సా తిరుగుతుంది. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పరిందాల కోసం కొండల మీద గోధుమలు చల్లించారని. దాని కింద తుర్కీలో మంచు మీద గింజలు చల్లుతున్న వీడియో. సరే, నేలంతా బర్ఫ్ కప్పేస్తే పిట్టకి గింజ దొరకదు. మారేడుమిల్లిలో బర్ఫ్ ఎక్కడ పడింది భాయ్? డిసెంబరులో మన అడవి వానలు తాగి పచ్చగా ఉంటుంది. బర్ఫ్ పడేచోట కూడా హిసాబ్ అంత సీదాగా లేదు. అమెరికాలోని వ్యోమింగ్‌లో 1912లో ఎల్క్ దుప్పుల కోసం శరణాలయం పెట్టి చలికాలం మేత వేస్తూ వచ్చారు. వేల జంతువులు ఒకేచోట మూతులు కలిపి మేస్తే బ్రూసెల్లోసిస్ లాంటి రోగాలు ఒకదాన్నుంచి ఒకదానికి పాకాయి.

అంత దూరం ఎందుకు, తిరుమల చూడండి. అలిపిరి నడకదారి పక్కన జింకలకి భక్తులు ముహబ్బత్‌తోనే పళ్లు, కూరగాయలు పెట్టేవారు. జింకలు దారికి అలవాటు పడ్డాయి. జింక ఉన్నచోటికి చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపింది. తిండి ఒక్కటే కారణమని నేననను. కానీ ఆ తర్వాత టీటీడీ జంతువులకి తిండి పెట్టొద్దని హుకుం ఇచ్చింది. మన ఘాట్‌లో మనం ఏ హాదసా కోసం ఆగుతున్నాం?

దీన్ మాట కూడా వినండి. దాహంతో ఉన్న కుక్కకి బావిలో దిగి నీళ్లు తెచ్చినవాడి హదీస్ అందరికీ యాద్ ఉంది. పిల్లిని కట్టేసి చంపిన ఔరత్ హదీస్ సగమే యాద్ ఉంది. ఆమె తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకమని వదలనూ లేదు. అంటే వదిలిన పిల్లికి రిజ్క్ భూమి మీదే ఉంది. కట్టేసినది మన జిమ్మా, అడవిలోది అల్లాహ్ జిమ్మా. బిస్కెట్ మరిగిన కోతి చెట్టు వదిలి రోడ్డు పట్టుకుంటుంది. కొన్ని లారీల కింద పడతాయి. కొన్ని అరటితోటల్లో, ఇళ్లల్లో పడతాయి. అప్పుడు రైతు వడిసెల తీస్తే జాలిమ్ అంటాం మనం!

"మరి మే నెలలో దాహంతో అల్లాడే జీవాలు?" అని ఒక దోస్త్ అడిగాడు. సవాల్ సరైనదే. మన కష్టకాలం చలి కాదు, ఎండ. అందుకే అటవీశాఖ అడవి లోపల, రోడ్డుకి దూరంగా సాసర్ పిట్లు కట్టి నీళ్లు నింపుతుంది. సద్‌ఖా ఇవ్వాలనుంటే రేంజ్ ఆఫీసుకి వెళ్లి ఆ పనికి ఎలా మదద్ చేయొచ్చో అడగండి. డాబా మీద పిచ్చుకకి మట్టిమూకుడులో నీళ్లు పెట్టండి, రోజూ కడగండి. ఇక ఆకలి తీర్చాలంటే, రంజాన్ అయిపోయాక అడిగే దిక్కులేని బేవా ఇల్లు ఏ గల్లీలో ఉందో నానీకి తెలియదా?

ఈసారి మలుపు దగ్గర అద్దాలు దించకండి. బిస్కెట్లు బచ్చాలే తింటారు. ఖాళీ కవర్లు, బిర్యానీ ఎముకలు అదే దేగ్చీలో వేసుకుని ఇంటికి తీసుకురండి.