విత్తనాల కుండ పోయింది... పాసుపుస్తకం రాలేదు

మొన్న సంక్రాంతికి మా ఊరెళ్లాను. ధర్మవరం దాటి లోపలికి పోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేశాక మా ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోట అనంతపురమనే వస్తుంది.

పెరట్లో కోళ్లకు నీళ్లు పెట్టిన కుండ ఒకటి కనిపించింది. మూతి విరిగిపోయింది, అయినా గుర్తుపట్టాను. అది మా అవ్వ విత్తనాల కుండ!

నా చిన్నప్పుడు అటకమీద అలాంటివి నాలుగైదు ఉండేవి. ఒకదాంట్లో కొర్రలు, ఒకదాంట్లో జొన్నలు, చిన్నవాటిలో కందులు, అలసందలు, అనుములు. బూడిద కలిపి, వేపాకు వేసి, మూతికి పేడా మట్టీ మెత్తి పెట్టేది. పొలంలో మంచి కంకి ఏదో చూసి విడిగా కోసేది కూడా అవ్వే. ఇంటి పెత్తనమంతా తాతదే. డబ్బు తాత దగ్గరే. కానీ విత్తనం కావాలంటే తాత కూడా అవ్వనే అడగాలి. ఆమె ఆకాశం వంక చూసి, ‘‘వానొస్తాదో రాదో నీకేం దెలుసు? అంతా ఒకేసారి చల్లితే రేపు తినేదేంది?’’ అని సగమే తీసిచ్చేది. తాత గొణుక్కుంటూ పోయేవాడే తప్ప ఎదురు చెప్పేవాడు కాదు.

ఆ కుండతోపాటు మా ఇళ్లల్లో ఏం పోయిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మా సీమ వాన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లు దాటితే గొప్ప. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మా దాకా వచ్చేసరికి నీరసపడిపోతాయి. 1876-78 కరువును మావైపు ముసలివాళ్లు ధాతు కరువనేవారు. అది వాళ్లు చూసింది కాదు, వాళ్ల అవ్వాతాతలు చెప్పగా విన్నది. అలాంటి నేలలో మనుషులు ఎలా బతికారంటే, ఒక్క పంటను నమ్ముకోకపోవడం వల్లే. చేనులో కొర్ర ఉండేది, సాళ్ల మధ్య కంది ఉండేది, గట్టున ఆముదం ఉండేది. ఒకటి పోతే ఒకటి మిగిలేది. మిగిలింది ఇంటికొచ్చేది. ఇంటికొచ్చింది ఆడవాళ్ల చేతిలోకొచ్చేది.

అలాగని పాతరోజులు బంగారమని నేను అనను. కొర్రలు దంచి దంచి అవ్వ అరచేతులు కాయలు కాచిపోయాయి. తెల్లవారుజామున రోకలి పోటు వినపడితే నిద్ర లేచేవాళ్లం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు మా అమ్మ పడ్డ సంతోషం నాకింకా గుర్తు. ‘దంచే బాధ తప్పింది తల్లీ’ అంది. ఆ మాటను తప్పుపట్టే హక్కు మిక్సీ మీట నొక్కి పచ్చడి చేసుకునే మనకెవరికీ లేదు.

అప్పటికే వేరుశనగ వచ్చేసింది. మావైపు చెనక్కాయ అంటాం. నూనెకు గిరాకీ, చేతికి రొక్కం, పశువులకు కట్టె. ఎవరు మాత్రం వద్దంటారు? 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టాక ఇంకా ఊపొచ్చింది. ఒక దశలో మా జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఆ ఒక్క పంటే. దేశంలో ఏ జిల్లాలోనూ అంత వేరుశనగ లేదు. ఆ డబ్బుతోనే మా ఇంట్లో పిల్లలం చదువుకున్నాం. నా పెళ్లి గొలుసు కూడా చెనక్కాయల డబ్బే. కాదని ఎలా చెప్పను?

కానీ ఒక్కసారి లెక్క చూడండి. కొర్ర ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. అయిదెకరాలకూ కలిపి 10 కిలోలు. ఒక కుండలో పడుతుంది, ఏడాదంతా అటకమీద ఉంటుంది. వేరుశనగకైతే ఎకరాకు 50, 60 కిలోల గింజ కావాలి. అయిదెకరాలకు రెండున్నర, మూడు క్వింటాళ్లు. ఒలిచి దాస్తే మొలక చెడుతుంది గనుక కాయగానే దాయాలి. అంతా దాచాలంటే గదిలో సగం నిండిపోతుంది. పంట బాగా రాని ఏడు దాచడానికి కాయే ఉండదు. ఇక కొనాలి, లేదంటే సర్కారు సబ్సిడీ విత్తనం కోసం క్యూలో నిలబడాలి, అదీ కాదంటే మండీలో అప్పు చేయాలి.

క్యూలో నిలబడాలంటే పాసుపుస్తకం కావాలి. అప్పు పుట్టాలంటే పాసుపుస్తకం కావాలి. పాసుపుస్తకం మగవాళ్ల పేరున ఉంది. అంతే! ఎవరూ ఏ నిర్ణయమూ చెయ్యలేదు, ఎవరూ ఆడవాళ్లను తోసెయ్యలేదు. కుండలోని విత్తనం మూటల్లోకి మారింది. దాంతోపాటు ‘సగమే చల్లు’ అనే మాటకు విలువ పోయింది.

పని మాత్రం ఎక్కడికీ పోలేదు. విత్తనం కాయలు ఒలిచేది ఆడవాళ్లే. కలుపు తీసేది, చెట్టు పీకేది, కాయ విడదీసేది ఆడవాళ్లే. ఎండాకాలం మా ఊరి అరుగులమీద చూడాలి, వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని కాయలు ఒలుస్తుంటారు. కాయ అమ్మిన డబ్బు ఎంతొచ్చిందీ అంటే మాత్రం ‘ఆయనకే తెలుసు’ అంటారు.

ఒక్క పంటను నమ్ముకున్నందుకు తర్వాత ఏమైందో అందరం చూశాం. 1994 నుంచి పామాయిల్ దిగుమతికి తలుపులు తీశారు. నూనెగింజల ధర దానితో పోటీపడాల్సి వచ్చింది. 2000లో కాండం కుళ్లు వైరస్ వచ్చింది. బీళ్లల్లో, గట్లమీద పెరిగే వయ్యారిభామ పుప్పొడితో, తామరపురుగులతో పాకే తెగులది. ఒక్క సీజన్లో జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. ఆ పైన వరసగా వానలేని ఏళ్లు. బోర్ల మీద బోర్లు వేశారు, అప్పుల మీద అప్పులు చేశారు. ఎన్నో ఇళ్లల్లో మగదిక్కు లేకుండా పోయింది.

మా చిన్నమ్మ ఇల్లు వాటిల్లో ఒకటి. చిన్నాయన పోయేనాటికి ఆమెకు ముప్ఫై రెండేళ్లు. ఇద్దరు పిల్లలు. 2004లో ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చి, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయలు ప్రకటించింది. అందులో 50 వేలు అప్పుల సర్దుబాటుకే. చిన్నమ్మ కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను. అక్కడాయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, ‘‘పొలం మీ మామ పేరునుంది గదమ్మా, మీ ఆయన రైతని ఎట్లా రాసేది?’’ అన్నాడు.

పదిహేనేళ్లు దున్నినవాడే రైతు కాకపోయాడు. ఆ పదిహేనేళ్లూ వెంట నడిచి విత్తనం వేసి, కలుపు తీసిన చిన్నమ్మ సంగతి ఇక చెప్పేదేముంది? ఆమెను రైతువా అని అడగాలని ఆయనకు తోచలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తోచలేదు. ‘రైతు భార్య’ అనే నేనూ చెప్పాను. రైతు అనగానే తలపాగా చుట్టుకున్న మగమనిషే కదా మన కళ్లముందు నిలబడేది!

మా జిల్లాలో బుక్కరాయసముద్రం చెరువు ఉంది. ఆ కట్టమీద ముసలమ్మ కథ చెబుతారు. కట్ట తెగిపోబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలైతే నిలుస్తుందని వినిపించిందట. ఆ పిల్ల అందరికీ దండం పెట్టి వెళ్లి నీళ్లల్లో దిగిందట. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాన్నే ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. ఆమెను మావైపు దేవతగా కొలుస్తారు. నాకు మాత్రం ఆ కథ తల్చుకుంటే ఒక్కటే అనిపిస్తుంది. కట్ట నిలబడటానికి కోడలు కావాలి. కట్ట కింది మడి ఎవరిదంటే మాత్రం కోడలి పేరు రాదు. ప్రాణమిచ్చిందానికి గుడి కట్టడం సులువు, బతికున్నదానికి భాగమివ్వడమే కష్టం.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఈ విషయంలో దేశానికి దారి చూపించినవాళ్లలో మన తెలుగువాళ్లున్నాం. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 1986లోనే, కొడుకుతో సమానంగా కూతురికీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. కేంద్రం అదే పని చేయడానికి 2005 దాకా పట్టింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు కూతురిదేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా 2015-16 వ్యవసాయ గణనలో, దేశం మొత్తంమీద సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి నూటికి పద్నాలుగే. మన రాష్ట్రం దానికంటే నయం, నిజమే. కానీ పొలంలో వంగిన నడుముల్ని లెక్కపెట్టి చెప్పండి, పద్నాలుగేనా?

ఇప్పుడు మా వైపు రోజులు మళ్లీ మారుతున్నాయి. 2012లో హంద్రీ-నీవా మీదుగా కృష్ణ నీళ్లు జీడిపల్లి దాకా వచ్చాయి. చీనీ, దానిమ్మ, అరటి తోటలు లేస్తున్నాయి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో మొదలైంది. మగవాళ్లు బెంగుళూరులో కట్టడం పనులకు పోతే, ఇంటి దగ్గర సేద్యం చూసుకునే ఆడవాళ్లు ఎందరో. కానీ డ్రిప్పు సబ్సిడీకి మళ్లీ అదే పాసుపుస్తకం. రోడ్డు పక్క పొలానికి ధర పెరిగి బేరమొస్తే, సంతకానికి పిలిచేది పేరున్నవాళ్లనే. నిన్నటిదాకా కలుపు తీసినామెకు పొలం అమ్ముడుపోయిందని సాయంత్రం అన్నం పెట్టేటప్పుడు తెలుస్తుంది.

ఇంకో చిత్రం చూడండి. మా అవ్వ కొర్రలు ఇప్పుడు పట్నం షాపుల్లో అందమైన ప్యాకెట్లలో ఉన్నాయి. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. షుగరొచ్చిందని మా ఆయనకు నేనూ కొర్రన్నం వండుతున్నాను. మంచిదే. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్లు 1990 నుంచి బీడునేలలను పచ్చన చేసే పనిలో ఉన్నారు. 2008లో రైతులంతా కలిసి అక్కడ ధరణి అనే సహకార సంఘం పెట్టుకున్నారు. చిరుధాన్యాలు పండించి తామే శుభ్రం చేసి అమ్ముకుంటున్నారు. దంచే బాధ మరకు అప్పగిస్తే పాత పంట మళ్లీ బతకగలదని అక్కడ తెలిసింది. కానీ పంట తిరిగొచ్చినంత మాత్రాన పెత్తనం తిరిగి రాదు. ఈసారి కుండ సరిపోదు, కాగితం కావాలి.

ఇక్కడే మన సంగతి కొస్తాను. ఈ పేజీ చదివే మనలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత పొలం వాటా ఉంటుంది. ‘పుట్టింటి రాకపోకలు పోతాయేమో’ అని తమ్ముడికి సంతకం పెట్టి వచ్చేస్తాం. పసుపు కుంకుమల కింద ఒక చీర పుచ్చుకుని, అదే మహాభాగ్యమనుకుంటాం. మీ భాగం మీకు కావాలంటే అడగండి, అది మీ హక్కు, మొహమాటపడాల్సిన పని లేదు. వద్దనుకుంటే, తమ్ముడికొక్కడికే రాసివ్వకండి. తమ్ముడూ మరదలూ ఇద్దరి పేరునా రాసిస్తానని చెప్పండి. ఎలా రాయించాలో లాయరునడిగితే చెబుతారు. తమ్ముడు మొహం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి. ఆ పొలంలో ఎండకు మాడుతున్నది ఆ పిల్ల కూడా కదా! ఆడపడుచు అంటే మరదలి మీద అజమాయిషీకే అన్న పేరు మనకు చాలాకాలంగా ఉంది. దాన్ని పోగొట్టుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

నేను మొన్న సంక్రాంతికి అదే చేశాను. పండగపూట ఈ మాటలెందుకని అమ్మ కసిరింది. తమ్ముడు రెండురోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మరదలు మాత్రం ఏమీ అనలేదు. నేను బస్సెక్కేటప్పుడు ఒక చిన్న మూట చేతిలో పెట్టి, ‘‘వొదినా, కొర్రలు. ఈసారి అరెకరం నేనే యేసినా’’ అంది.

ఇంటికొచ్చి మూట విప్పి చూస్తే, కొర్రల్లో ఎండిన వేపాకు రెబ్బ ఉంది.