కంప్యూటరు కబుర్లు: కంపైలరుకు దారి చూపడం

లినక్స్‌లో ఒక లైబ్రరీని సొంత డైరెక్టరీలో పెట్టుకున్న యువ ఇంజనీర్లు 'హెడర్ ఫైలు లేదు' అన్న సందేశంతో మా వద్దకు వస్తూంటారు. జీసీసీ కంపైలరుకు హెడర్ల చోటు తెలిపే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ 'సీపాత్'. (దాని చివర కోలన్ మిగిలితే, ప్రస్తుత డైరెక్టరీని సైతం వెదుకుతుంది, జాగ్రత్త.) లింకు వేళ లైబ్రరీల చోటు తెలిపేది 'లైబ్రరీ_పాత్'. ఈ రెండూ అమర్చగానే ప్రోగ్రాము తయారవుతుంది, నడపబోతే మొరాయిస్తుంది! నడిచే వేళ షేర్డ్ లైబ్రరీని వెదికేది కంపైలరు కాదు, లోడరు. దానికి 'ఎల్‌డీ_లైబ్రరీ_పాత్' వేరుగా చెప్పాలి.

అయితే దీనిని లాగిన్ ఫైలులో శాశ్వతంగా వ్రాసి ఉంచడం మాకు సమ్మతం కాదు. ఆ ఒక్క ఆదేశానికి ముందు వ్రాస్తే చాలును. సిస్టమ్ డైరెక్టరీల కంటె ముందుగా లోడరు దానినే చూస్తుంది కనుక, అక్కడ మరచిపోయిన పాత లైబ్రరీ ఇతర ప్రోగ్రాములలోనికీ చొరబడగలదు. కొత్త హెడరుతో కంపైలైన ప్రోగ్రాము పాత లైబ్రరీతో ఆగిపోతే అదృష్టమే. ఆగక తప్పు అంకెలనిస్తే, వాటిని నమ్మి పైపు మందం నిర్ణయించేవారి గతి ఏమిటి? లెక్కకు ముందు 'ఎల్‌డీడీ' ఆదేశమిచ్చి, ఏ లైబ్రరీ ఏ డైరెక్టరీ నుండి వస్తున్నదో చూచుకొనండి.