పాత కూజా కొంటున్నారా? ముందు లోపల చూడండి!

డైనింగ్ టేబుల్ మీదికి పాత సామాన్లు తిరిగొస్తున్నాయి. అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న ఇత్తడి కొమ్ముచెంబులు, మరచెంబులు కిందికి దిగుతున్నాయి. హైదరాబాద్ జుమేరాత్ బజార్ లాంటి చోట్ల పాతకాలం కూజాల కోసం వెతికేవాళ్లున్నారు. గృహప్రవేశానికి రాగి జగ్గు కానుకగా ఇచ్చేవాళ్లున్నారు. స్టీలు, ప్లాస్టిక్ చూసి చూసి విసిగిన కళ్లకు అవి బాగుంటాయి. నాకూ బాగుంటాయి. వాటిని కొనొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు.

కానీ ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. పాత సామాను కొనేటప్పుడు మనం పైన నగిషీ చూస్తున్నాం, బరువు చూస్తున్నాం, బేరం చూస్తున్నాం. లోపల మాత్రం చూడటం లేదు. కడుపులోకి వెళ్లేది ఆ లోపలిదే.

చెంబు వచ్చింది, జాగ్రత్త రాలేదు

‘మా తాతలు వీటిలోనే తిన్నారు, వాళ్లకేం కాలేదు కదా డాక్టరు గారూ!’ అని ఓపీలో తరచూ అంటుంటారు. నిజమే, తిన్నారు. అయితే ఏది దేనిలో పెట్టాలో వాళ్లకో లెక్క ఉండేది. రాగి బిందెలో మంచినీళ్లు, రాచ్చిప్పలో పులుసు, జాడీలో ఊరగాయ, ముంతలో పెరుగు. ఇత్తడి గిన్నెలో వండాలంటే లోపల కళాయి ఉండాల్సిందే. కళాయి అంటే తగరం పూత. అది అరిగి లోపల పసుపుపచ్చగా కనిపించగానే కళాయి వేసే మనిషి కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు చెంబును తెచ్చుకున్నాం, ఆ లెక్కను అక్కడే వదిలేశాం. నిమ్మకాయ షర్బత్, మజ్జిగ, పులిహోర అన్నీ అందులోనే వడ్డిస్తున్నాం.

పులుపు తగిలితే రాగి, ఇత్తడి కరుగుతాయి. కళాయి లేని ఇత్తడి జగ్గులో కొన్ని గంటలు నిల్వ ఉన్న మజ్జిగ తాగితే కాసేపటికే వికారం, కడుపునొప్పి, వాంతులు రావచ్చు. చాలామంది దాన్ని ఫుడ్ పాయిజనింగ్ అనుకుని సరిపెట్టుకుంటారు.

ఇక ‘ఏం కాలేదు’ అన్న మాట పూర్తి నిజం కాదు. ఒకప్పుడు మన దేశంలో ఏడాది, రెండేళ్ల పిల్లల్లో కాలేయం గట్టిపడి ప్రాణాలు తీసే జబ్బు ఉండేది. దాన్ని ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అనేవారు. రాగి, ఇత్తడి గిన్నెల్లో కాచి నిల్వ ఉంచిన పాలు పసిబిడ్డలకు పట్టడానికీ, ఈ జబ్బుకూ సంబంధం ఉండొచ్చని 1983లో పుణె వైద్యులు, బ్రిటన్ పరిశోధకులు కలిసి లాన్సెట్ పత్రికలో రాశారు. పాలు పుల్లగా లేకపోయినా రాగిని పట్టేసుకుంటాయి. పాల గిన్నెలు మారాక ఆ జబ్బు చాలా అరుదైపోయింది. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలోనూ ఇదే కథ. కళాయి లేని రాగి పాత్రల్లో కాచిన పాల వల్ల 1900-1974 మధ్య అక్కడ 138 మంది పసిపిల్లలు చనిపోయారు. వంశపారంపర్య కారణమూ తోడైంది కానీ, పాత్రలు మారాక అక్కడా జబ్బు కనుమరుగైంది.

రాగి కన్నా సీసం భయం

రాగి ఎక్కువైతే ముందు నోటికి చిలుము రుచి తెలుస్తుంది. సీసానికి ఆ గుణం లేదు. దానికి చెప్పుకోదగ్గ రుచీ వాసనా ఉండవు. ఇది పాత సామానులో ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూడండి. పోత పోసిన ఇత్తడిలో, చిల్లు పడితే వేసిన మాటులో, కొమ్ము అతికించిన చోట, తగరం ఖరీదని సీసం కలిపి వేసిన కళాయిలో, పాత పింగాణీ పళ్లేల రంగుల్లో, బరువైన క్రిస్టల్ గాజులో ఉండొచ్చు.

సీసానికి ‘ఇంతవరకూ ఫరవాలేదు’ అన్న హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నోట్లోకి వెళ్లిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను, చదువును, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. పెద్దల్లో రక్తపోటు, రక్తహీనత, మలబద్ధకం, కడుపునొప్పి తెస్తుంది. ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుని, గర్భం దాల్చినప్పుడు మళ్లీ రక్తంలోకి వచ్చి బిడ్డకు చేరుతుంది. మన దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి ఉందని 2020లో యునిసెఫ్ నివేదిక అంచనా వేసింది. అందుకు పాత బ్యాటరీల నుంచి పెయింట్ల దాకా చాలా కారణాలున్నాయి. వంటపాత్రలూ వాటిలో ఒకటి.

చిన్న ఆస్పత్రుల్లో రక్తంలో సీసం పరీక్ష రోజువారీ చేసేది కాదు. అనుమానం వస్తేనే పంపిస్తాం. అందుకే జబ్బును పట్టుకోవడం కన్నా పాత్రను మార్చడం తేలిక.

ఏది టేబుల్ మీదికి, ఏది అద్దాల బీరువాలోకి?

రాగి జగ్గు: మంచినీళ్లకు మంచిదే. రాగి పాత్రలో రాత్రంతా ఉంచిన నీళ్లలో విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా చనిపోతున్నట్టు పరిశోధనల్లో తేలింది. నిమ్మరసం, మజ్జిగ, పాలు మాత్రం వద్దు.

ఇత్తడి: లోపల తెల్లగా, మచ్చ లేకుండా కళాయి ఉంటేనే వాడండి. అప్పుడు కూడా అందులో నిల్వ ఉంచొద్దు. అలంకరణ కోసం చేసిన ఇత్తడికి మెరుపు పోకుండా లక్క లాంటి వార్నిష్ పూస్తారు. అది తిండికి పనికిరాదు.

కంచు: రాగి, తగరం కలిసిన అసలు కంచు పళ్లెం భోజనానికి బాగుంటుంది. కంచు పేరుతో అమ్మేదంతా కంచు కాదు కాబట్టి తెలిసినవాళ్ల దగ్గరే కొనండి.

బిదరీ కూజా: ఇందులో ఎక్కువ భాగం జింకే. చూసి ఆనందించండి, ఏమీ పోయొద్దు.

జర్మన్ సిల్వర్: పేరులోనే వెండి. రాగి, నికెల్, జింకు మిశ్రమం ఇది. పసుపు కుంకుమల పళ్లేనికి సరే, పులుపుకి వద్దు.

ఎనామిల్, రంగుల పింగాణీ: పాత ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం, సీసం ఉండొచ్చు. పెచ్చు లేచినా, సన్నటి పగుళ్లు కనిపించినా అన్నం పెట్టొద్దు.

క్రిస్టల్ కూజా: మామూలు గాజు కన్నా బరువుగా ఉండి, గోటితో మీటితే ఖంగుమంటుంది. ఫుల్ లెడ్ క్రిస్టల్ అన్నదానిలో సీసపు ఆక్సైడ్ 30 శాతం దాకా, ఆపైన ఉంటుంది. క్రిస్టల్ సీసాల్లో నిల్వ ఉంచిన వైన్‌లో నాలుగు నెలల్లో సీసం పదుల రెట్లు పెరిగిందని 1991లో లాన్సెట్‌లో వచ్చింది. ఇది పూలకు బాగుంటుంది.

ఊరగాయ జాడీ: పచ్చడి ఏడాది పాటు అందులోనే ఉంటుంది. లోపలి నునుపు చెదిరిన పాత జాడీని పక్కన పెట్టి గాజు సీసా వాడండి.

కొట్లో ఏం చేయాలి?

ఫోన్ టార్చ్ వేసి లోపల చూడండి. కొమ్ము అతికిన చోట, అడుగున బూడిదరంగు మాటు కనిపిస్తే అది తాగడానికి కాదు. చిలుముంటే పాతదనానికి విలువ ఎక్కువని అమ్మేవాళ్లు అంటారు. షోకేసుకు ఆ లెక్క సరిపోతుంది. తాగాలంటే మాత్రం తోమి తీరాలి. రెండూ ఒకే చెంబుతో కుదరవు. బజారులో దొరికే రంగు మారే సీసం కిట్లను నమ్మి ధీమా పడొద్దు. రంగు మారకపోయినా సీసం లేదని రుజువు కాదు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. కళాయి సరిగా లేని రాగి, ఇత్తడి పాత్రలు, పెచ్చులూడి తుప్పుపట్టిన ఎనామిల్ పాత్రలు ఆహారానికి పనికిరావని ఒకప్పటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలూ చెప్పాయి, 2011 నాటి ఆహార భద్రత నిబంధనలూ చెప్పాయి. హోటళ్లలో, పెళ్లి భోజనాల్లో ‘సంప్రదాయ వడ్డన’ పేరుతో ఇత్తడి బకెట్లో సాంబారు తెస్తుంటే, లోపల కళాయి ఉందా అని అడిగే హక్కు మనకుంది. అడగండి. పాత సామాను అమ్మేవాళ్లు కూడా ‘అలంకరణకు మాత్రమే’ అని చీటీ కట్టి అమ్మాలన్నది నా అభిప్రాయం.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటిని పారేయక్కర్లేదు. ఇత్తడి పళ్లెంలో అరిటాకు పరిచి వడ్డించండి. పెద్ద గిన్నెలో గాజు గిన్నె పెట్టండి. తొక్క తీయని పండ్లు పెట్టండి. కళాయి వేయించిన గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టకండి. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది.

ఇంట్లో గర్భిణి గానీ, ఆరేళ్ల లోపు పిల్లలు గానీ ఉంటే వాళ్ల పాలు, నీళ్లు, అన్నం స్టీలులోనో మామూలు గాజులోనో ఇవ్వండి. ఎన్ని ఐరన్ మాత్రలు వాడినా రక్తహీనత తగ్గకపోయినా, కారణం తెలియని కడుపునొప్పి వేధిస్తున్నా, ఇంట్లో ఏ పాత్రలు వాడుతున్నారో కూడా మీ డాక్టరుకు చెప్పండి. మేం అడగడం మరిచిపోయినా మీరు చెప్పండి.