కౌంటర్ దగ్గర మూగబోయే పౌరుడు

తనకు రాని భాషలో అచ్చయిన ఫారంపై ఒక మనిషి వేలిముద్ర వేస్తే దాన్ని సమ్మతి అనలేము. ఆ కాగితం వల్ల తాను హక్కు పొందుతున్నాడో, ఉన్న హక్కు వదులుకుంటున్నాడో అతనికి తెలియదు. అందుకే కార్యాలయాల్లో భాష అనేది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన విషయం.

అమెరికాలోని న్యూయార్క్ నగరం ఈ సంగతిని చట్టంలోనే గుర్తించింది. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చినవారు ఆ నగరంలో దాదాపు 18 లక్షల మంది ఉన్నారు. 2017లో చేసిన 30వ స్థానిక చట్టం ప్రకారం, ప్రజలతో నేరుగా వ్యవహరించే నగర శాఖలు తరచూ పంచే పత్రాలను పది భాషల్లోకి అనువదించాలి. స్పానిష్, అరబిక్, బెంగాలీలతో పాటు ఉర్దూ కూడా ఆ పదిలో ఉంది. తెలుగు లేదు. అయితే కనీసం వంద భాషల్లో టెలిఫోన్ ద్వారా దుబాసీ సాయం అందించాలని కూడా అదే చట్టం చెబుతోంది. చదువురాని వారికి అనువదించిన కాగితం కంటే ఈ నోటిమాట సాయమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

దుబాసీ లేనిచోట ఏం జరుగుతుంది? ఆస్పత్రిలో పదేళ్ళ బిడ్డే తల్లికి దుబాసీ అవుతాడు. తల్లి తన బాధను బిడ్డ ముందు నోరు విప్పి చెప్పలేదు. డాక్టరు మాటల్లోని బరువు బిడ్డకు అందదు. మధ్యలో నష్టపోయేది రోగి.

ఇంకో సంగతి గమనించాలి. ఇంగ్లీషు రానివారికి సేవలు అందేలా చూడాలని 2000 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ దాన్ని రద్దు చేశారు. అయితే నగరం చేసుకున్న చట్టాన్ని ఆ సంతకం రద్దు చేయలేదు. ఉత్తర్వుకూ చట్టానికీ ఉన్న తేడా ఇదే.

మరి మన సంగతేమిటి? తెలుగు 1966లోనే అధికార భాష అయింది. ఉర్దూను రెండవ అధికార భాషగా రాష్ట్రమంతటికీ వర్తింపజేస్తూ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో శాసనాలు చేశాయి. చట్టాలకు కొదవ లేదు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్లు, కౌంటర్ దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషే రాజ్యమేలుతోంది. సెల్‌ఫోనుకు వచ్చే సందేశాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు చాలావరకు ఆ భాషలోనే ఉంటాయి. నష్టం ఉర్దూవారికి మాత్రమే కాదు, తెలుగు తప్ప మరొకటి రాని రైతుకూ, కూలీకీ అంతే. కనుక ఇది తెలుగుకూ ఉర్దూకూ పోటీ కాదు. ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు.

మనం అడగవలసినవి పెద్ద కోర్కెలు కావు. పన్ను, నీటి బిల్లుల నోటీసులు తెలుగులోనూ, అవసరమైనచోట ఉర్దూలోనూ రావాలి. ప్రతి కార్యాలయంలో ఫారం చదివి వినిపించే మనిషి ఒకరుండాలి. సంతకానికి ముందు విషయం అర్థమైందో లేదో అడగడం నియమం కావాలి.

మన వంతు కూడా ఉంది. జుమా నమాజు తర్వాత చదువుకున్న యువకులు ఒక గంట కూర్చుని ఇరుగుపొరుగు వారి కాగితాలు చదివిపెట్టవచ్చు. వారిలో ముస్లిమేతరులున్నా సంతోషమే. కానీ మన సేవను సాకుగా చూపి ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోరాదు. చట్టం ఇచ్చిన హక్కును ప్రతి కౌంటర్ దగ్గరా మర్యాదగా, విసుగు లేకుండా అడుగుతూనే ఉండాలి.