లెక్కలోని వారు, లెక్క కట్టేవారు

డిగ్రీ ఫలితాలు వెలువడిన ప్రతి సంవత్సరం మన విద్యార్థుల నోట వినబడే ప్రశ్న ఒక్కటే: తరువాత ఏమి చదవవలెను? జవాబులు కూడ సిద్ధంగానే ఉంటవి. ఎం.బి.ఏ., ఎం.సి.ఏ., బి.ఇడి.; అవి కాకున్న గల్ఫు; అప్పు పుట్టినచో అమెరికా. డిగ్రీలో గణితంతో పాటు సాంఖ్యకశాస్త్రం చదివినవారు సైతం ఇదే వరుసలో నిలుచుంటారు. ఆ శాస్త్రంలోనే పై చదువు చదువుదామని తలచేవారిని వేళ్ల మీద లెక్కింపవచ్చును. జీవసాంఖ్యకశాస్త్రమనే శాఖ ఒకటున్నదని ఎరిగినవారు ఇంకను తక్కువ. ఈ పరిస్థితి మారవలెననియు, మార్చుటకు మన చేతిలో సాధనాలున్నవనియు మనవి చేయుట ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు చెప్పుకొనే వానికి లెక్కలతో పనియేమని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. ఉర్దూలో ఈ శాస్త్రాన్ని ‘షుమారియాత్’ అంటారు. షుమార్ అనగా లెక్క. పారసీకం నుండి వచ్చిన ఆ మాటయే తెలుగు నోట ‘సుమారు’ ఐనది. లెక్క అనే అర్థం జారిపోయి, ఉజ్జాయింపు అనే అర్థం మిగిలినది. విచిత్రమేమనగా, సాంఖ్యకశాస్త్రం పని సరిగా ఈ రెండు అర్థాల నడుమనే ఉన్నది. అందరినీ అడుగలేనప్పుడు కొందరినే అడిగి, అందరిని గూర్చి చెప్పుట. అట్లు చెప్పిన మాట ఎంత మేరకు సుమారో దానిని కూడ లెక్క కట్టి చెప్పుట. రెండవది చెప్పనివాడు సాంఖ్యకుడు కాడు, సోదె చెప్పేవాడు.

బోధన్ చెరకు రైతుకు ఈ శాస్త్రం పేరు తెలియకపోవచ్చును గాని, సగటు అనే మాట బరువు మాత్రం బాగుగా తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2024–25 సీజనుకు నిర్ణయించిన చెరకు ధర, 10.25 శాతం రికవరీకి, క్వింటాలుకు 340 రూపాయలు. రికవరీ 0.1 శాతం హెచ్చిన కొలది 3 రూపాయల 32 పైసలు అదనం. ఈ రికవరీ ఏ ఒక్క బండికో తీసినది కాదు, మిల్లు మొత్తానికి కట్టిన సగటు. తీపి చెరకు తోలినవానికీ, నీటి చెరకు తోలినవానికీ సగటు ఒక్కటే. 1937లో నెలకొని, ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడే వరకు, శక్కర్‌నగర్ పరిసరాలలోని ఎన్నో కుటుంబాల పొయ్యి ఆ సగటు మీదనే వెలిగినది. సగటు వెనుక దాగిన తేడాలను చూడగలుగుటయే సాంఖ్యకశాస్త్రంలో మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కుటకు మన పిల్లల కంటె అర్హులెవరు?

జీవసాంఖ్యకశాస్త్రం సంగతి చూడుడు. మన జిల్లాలో బీడీలు చుట్టి కుటుంబాలను పోషించే స్త్రీలు వేలసంఖ్యలో ఉన్నారు. అట్టి ఒక తల్లికి విడువని దగ్గు వచ్చినదనుకొందము. అది పొగాకు ధూళి వలన వచ్చినదా? కట్టెల పొయ్యి పొగ వలననా? ఇరుకు గదిలో క్షయరోగితో కలిసి ఉండుట వలననా? వైద్యుడు ఆమెకు మందు ఇవ్వగలడు గాని, ఈ ప్రశ్నకు ఒక్క రోగిని చూచి జవాబు చెప్పలేడు. బీడీలు చుట్టేవారిని, చుట్టనివారిని, వయస్సు, వంటపొయ్యి, ఇల్లు సరిపోల్చి చూచినప్పుడే కారణం తేలును. ఆ సరిపోల్చే విద్యయే జీవసాంఖ్యకశాస్త్రం.

దాని ఫలం ఎట్టిదో మన పొరుగుననే నిదర్శనమున్నది. 1956లో మద్రాసులో నెలకొల్పబడిన క్షయ చికిత్సాకేంద్రం, బీదవాడలలోని రోగులను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి, ఒక భాగానికి శానిటోరియంలోను, మరొక భాగానికి ఇంటివద్దను చికిత్స చేయించినది. మంచి తిండి, విశ్రాంతి శానిటోరియంలోనే ఎక్కువ. ఐనను ఇంటివద్ద మందు తీసుకొన్నవారు ఇంచుమించు అంతగానే కోలుకొన్నారనియు, వారి వలన ఇంటివారికి అదనపు ముప్పు రాలేదనియు 1959లో వెలువడిన ఫలితాలు నిరూపించినవి. బీదవాడు ఇల్లు వదలక క్షయకు చికిత్స పొందగలుగుటకు ఆ లెక్క తోడ్పడినది. ఇట్టి లెక్కలు కట్టే విద్యను పుణ్యకార్యమనిన తప్పు లేదు.

ఇక మన సమాజం మాట. 2005 మార్చిలో నియమింపబడిన జస్టిస్ రాజేంద్ర సచార్ సంఘం 2006 నవంబరులో నివేదిక సమర్పించినది. 2001 జనగణనలో దేశ అక్షరాస్యత 64.8 శాతం కాగా, ముస్లిములలో 59.1 శాతమనియు, ఐ.ఏ.ఎస్. అధికారులలో ముస్లిములు 3 శాతమేననియు ఆ నివేదిక ద్వారా దేశానికి తెలిసినది. అంతకు ముందు మన వెనుకబాటు మనకు తెలియదా? తెలుసు. కాని మొర వేరు, లెక్క వేరు. మొర విన్నవాడు జాలిపడి మరచిపోవచ్చును. లెక్క చూచినవాడు జవాబు చెప్పవలసి ఉంటుంది.

లెక్క సరిగా లేనప్పుడు ఏమగునో కూడ మనం చూచినాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిములకు కల్పించిన రిజర్వేషన్లను హైకోర్టు 2005లోను, తిరిగి 2010లోను కొట్టివేసినది. కారణాలు పెక్కు, వెనుకబాటును నిర్ధారించిన పద్ధతి శాస్త్రీయంగా లేదన్నది వాటిలో ఒకటి. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో 4 శాతం నిలిచినది. ఏ గ్రామాలలో, ఎందరిని, ఏ విధంగా ఎన్నుకొని ప్రశ్నలడిగినారన్నది నమూనా సేకరణ. డిగ్రీ తరగతిలోనే చెప్పే పాఠం. ఆ పాఠం మీద వేలాది విద్యార్థుల సీట్లు ఆధారపడినవి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన ఇంటింటి సర్వే రాష్ట్ర జనాభాలో ముస్లిములు 12.56 శాతమని తేల్చినది. ఆ సర్వే అంకెలపై వాదోపవాదాలు చెలరేగినవి. సమర్థించినవారిలో గాని, ఆక్షేపించినవారిలో గాని ఆ శాస్త్రం చదివిన మనవారెందరు? ఇంతకాలం మనం లెక్కలోని వారముగానే ఉన్నాము. లెక్క కట్టేవారముగా లేము.

ఈ శాస్త్రంలో లోకమంతా తలవంచిన మహనీయుడు తెలుగువాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. మొదటిశ్రేణిలో ఉత్తీర్ణులై, అక్కడనే పరిశోధనకు ఉపకారవేతనం కోరినారు. దరఖాస్తు ఆలస్యంగా చేరినదని అది నిరాకరింపబడినది. ఉద్యోగానికై కలకత్తా వెళ్లినప్పుడు, మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత సాంఖ్యక సంస్థను గూర్చి విని, 1941లో శిక్షణకు చేరినారు. ఆ సంవత్సరమే కలకత్తా విశ్వవిద్యాలయం ఆరంభించిన సాంఖ్యకశాస్త్ర ఎం.ఏ.లో చేరి 1943లో పట్టం పొందినారు. 1945లో ప్రకటించిన వ్యాసంతో ఆయన పేరు పాఠ్యగ్రంథాలకెక్కినది. కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద 1948లో డాక్టరేటు పొందినారు. 2023లో, 102 సంవత్సరాల వయస్సున, అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారమందుకొని, ఆ ఆగస్టులోనే కన్నుమూసినారు. ఈ జీవితం నుండి రెండు పాఠాలు గ్రహింపవచ్చును. గడువు దాటిన దరఖాస్తు ఎంతటి మేధావిదైనను చెల్లదు. ఒక తలుపు మూసుకొన్నప్పుడు, ఆ విద్య నిజముగా ఎక్కడ వెలుగుచున్నదో అక్కడికే పోవలెను.

ఎక్కడికి పోవలెనన్న ప్రశ్నకు నా అభిప్రాయం స్పష్టంగా చెప్పెదను. మొదట మన దేశంలోనే గట్టి ఎం.ఎస్సీ. చేయవలెను, ఆ తరువాతనే విదేశాల మాట. ఉస్మానియా ఉన్నది, ప్రవేశం రాష్ట్రంలోని ఉమ్మడి పి.జి. ప్రవేశ పరీక్ష ద్వారా. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి జాతీయ స్థాయిలో జరిగే సి.యు.ఇ.టి. పి.జి. పరీక్ష. బొంబాయి, కాన్పూరు వంటి ఐ.ఐ.టి.లకు ‘జామ్’ పరీక్షలో మేథమెటికల్ స్టాటిస్టిక్స్ పత్రం. అందులో గణితం, సాంఖ్యకం రెండును ఉంటవి. భారత సాంఖ్యక సంస్థ ఎం.స్టాట్.కు ఆ సంస్థ తానే పరీక్ష పెట్టుకొంటుంది. బోధన రుసుము తీసికొనక, నెలనెలా ఉపకారవేతనమిచ్చి విద్యార్థులను చదివిస్తూ వచ్చిన సంస్థ అది. జీవసాంఖ్యకానికి వేలూరు క్రిస్టియన్ వైద్యకళాశాల, బెంగుళూరు నిమ్హాన్స్, జనాభాశాస్త్రంతో కలిపి బోధించే ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ ఎన్నదగినవి. సీట్లు స్వల్పం, కనుక ఒకేచోటికి దరఖాస్తు పెట్టి కూర్చుండరాదు.

వీనిలో ఒకదానిని ఎన్నుకొనేటప్పుడు పట్టణం పేరు, భవనాల ఎత్తు చూడరాదు. నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. సంభావ్యత, అనుమితి సిద్ధాంతం, రేఖీయ నమూనాలు మూలం నుండి చెప్పుదురా, లేక కంప్యూటరు మీటలు నొక్కుట మాత్రమే నేర్పుదురా? ఆసుపత్రి గాని, సర్వే సంస్థ గాని అనుబంధంగా ఉండి నిజమైన దత్తాంశాలు విద్యార్థి చేతికి వచ్చునా? గడచిన సంవత్సరాలలో అక్కడ చదివినవారు ఇప్పుడేమి చేయుచున్నారు? ఖర్చు ఎవరు భరింతురు? ఈ నాలుగింటికి జవాబులు ఆ శాఖలో చదువుచున్న విద్యార్థులకు ఒక ఉత్తరం వ్రాసినచో దొరకును. కొన్ని విశ్వవిద్యాలయాల నుండి కమీషను పుచ్చుకొని విద్యార్థులను పంపే కన్సల్టెన్సీల వద్ద దొరకవు.

విదేశాల విషయంలో ముఖ్యముగా తెలిసికొనవలసినది ఒకటున్నది. అమెరికాలో ఎం.ఎస్. చదువు సామాన్యముగా సొంత ఖర్చు మీదనే. పిహెచ్.డి.కి ఎన్నికైనవారికి సామాన్యముగా బోధన రుసుము మాఫీ చేసి, సహాయక బోధకులుగానో, పరిశోధక సహాయకులుగానో వేతనమిత్తురు. అక్కడ జీవసాంఖ్యక శాఖలు ఎక్కువగా ప్రజారోగ్య విద్యాలయాలలో ఉంటవి. ఉస్మానియా వెలసిన 1918లోనే జాన్స్ హాప్కిన్స్‌లో అట్టి శాఖ వెలసినది. వానికి లభించే జాతీయ ఆరోగ్య సంస్థల శిక్షణ గ్రాంట్లు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం. కనుక మన విద్యార్థి జీవసాంఖ్యక శాఖలతో పాటు, బోధన సహాయకులు ఎక్కువగా అవసరమయ్యే సాంఖ్యకశాస్త్ర శాఖలకు కూడ దరఖాస్తు పెట్టుట మేలు. మన మూడేండ్ల డిగ్రీని చాలునని అంగీకరింపని విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నవి, ఇక్కడి ఎం.ఎస్సీ. ఆ లోటు తీర్చును. ఇల్లు తాకట్టుపెట్టి, పేరు తెలియని చోట ‘డేటా సైన్స్’ అనే బోర్డు చూచి చేరుటకంటె, రెండేండ్లు ఇక్కడ చదివి వేతనంతో అక్కడికి పోవుట గౌరవప్రదం.

ఇక దరఖాస్తు వ్రాత. పిహెచ్.డి. దరఖాస్తుల గడువు చాలావరకు డిసెంబరు ప్రాంతాన ముగియును. వేసవిలోనే ఆరంభింపవలెను. సాధారణముగా ముగ్గురు అధ్యాపకుల సిఫారసు లేఖలు కావలెను. మీ పనిని ఎరిగినవారినే అడుగుడు, పెద్ద హోదా చూచి అడుగవద్దు. ఉద్దేశ ప్రకటనమనే వ్యాసం విషయంలో మాత్రం నేను సాధికారముగా చెప్పగలను, అది భాషకు సంబంధించినది గనుక. చిన్ననాటి నుండి గణితమన్న నాకు ప్రాణమని ఆరంభమయ్యే వ్యాసాలన్నియు ఒకే అచ్చులోనివి. ఎవరో వ్రాసినవి ఎవరో నకలు చేసినవి. మీ తల్లి చుట్టే బీడీకట్టను గూర్చి, మీ తండ్రి తోలిన చెరకును గూర్చి మీ మనస్సులో లేచిన ప్రశ్న ఒక్కటి వ్రాయుడు. దానికి జవాబు కనుగొనుటకు ఏ విద్య కావలెనో వ్రాయుడు. బోధన్ నుండి తప్ప మరెక్కడినుండియు ఆ వ్యాసం వెళ్లజాలదు.

ఆక్షేపణలు లేకపోలేదు. ఉద్యోగమేదీ అందురు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది, మందుల పరీక్షలు నిర్వహించే కంపెనీలున్నవి, యు.పి.ఎస్.సి. నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్ష ఉన్నది. సహాయమేదీ అందురు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022లో ఆపివేయుట మన పరిశోధక విద్యార్థులకు దెబ్బయే. దానిని పునరుద్ధరింపుమని అడుగుచుండవలసినదే. ఐతే సి.ఎస్.ఐ.ఆర్. ఫెలోషిప్పు పరీక్షలో గణితశాస్త్రాల పత్రం సాంఖ్యక విద్యార్థులకును తెరచియే ఉన్నది. విదేశీ విద్యకై మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం 2015లో ఒక ఉపకారవేతన పథకం ప్రారంభించినది. దాని ఆదాయ పరిమితిని, గడువును ఆయా సంవత్సరపు ప్రకటనలో చూచుకొనవలెను. ఆడపిల్లను అంతదూరం పంపుటెట్లు అందురు. కన్నబిడ్డపై బెంగ సహజం. కాని పెండ్లి చేసి దుబాయికి పంపుటకు జంకని తల్లిదండ్రులు, చదువుకై వేలూరు హాస్టలుకు పంపుటకు జంకుట ఏ లెక్కకు అందును?

మన కళాశాల చేయదగిన పనులు కూడ రెండు ఉన్నవి. ప్రతి ఆగస్టులో ఈ పరీక్షల గడువులన్నియు ఉర్దూలోను, తెలుగులోను నోటీసుబోర్డుపై పెట్టవలెను. ఫీజు కట్టలేని విద్యార్థులకు దరఖాస్తు రుసుముకై చిన్న నిధి ఒకటి ఏర్పరుపవలెను. ఇంటింటికి వచ్చి, మీ ఇంట ఎందరని అడిగి వ్రాసికొనిపోయేవారికి మన ముంగిళ్లు తరతరాలుగా జవాబు చెప్పుచున్నవి. ఆ ముంగిళ్ల నుండియే కొందరు విద్యార్థినీ విద్యార్థులు ఏ ప్రశ్న అడుగవలెనో, వచ్చిన జవాబును ఎట్లు తూచవలెనో నిర్ణయించే స్థానానికి ఎదుగుదురు గాక. ఈ సంవత్సరం ఒక్కరు బయలుదేరినను అది మంచి ఆరంభమే.